వర్జీనియాలో కండువా మార్చింది ఎవరు?

మన దగ్గర నాయకుడు పార్టీ మారితే తెల్లారేసరికి కండువా మారుతుంది, మధ్యాహ్నానికి ఫ్లెక్సీ మారుతుంది. అమెరికాలో ఇలాంటివి ఉండవని ఒక నమ్మకం. వర్జీనియాలో మిల్స్ గాడ్విన్ అనే పెద్దమనిషి 1965లో డెమోక్రాట్‌గా గవర్నర్ ఎన్నిక గెలిచాడు. 1973లో రిపబ్లికన్‌గా నిలబడి అదే కుర్చీ మళ్లీ గెలుచుకున్నాడు. ఆ రాష్ట్ర ప్రజలు నేరుగా ఓట్లేసి రెండుసార్లు గవర్నర్‌ని చేసింది ఇప్పటిదాకా ఆయన్నొక్కణ్నే. మరి గాడ్విన్ మారాడా, ఆయన కూర్చున్న చోటే ఉంటే పార్టీలు అటూ ఇటూ జరిగాయా? రెండోదే ఎక్కువ నిజం.

ఈ కథ తెలియకుండా వర్జీనియా గురించి టీవీల్లో చెప్పే మాట ఒకటుంది: "ఒకప్పుడు రిపబ్లికన్ రాష్ట్రం, ఇప్పుడు డెమోక్రాట్ రాష్ట్రం." లెక్క చూస్తే సరిగ్గానే ఉంటుంది. 1952 నుంచి 2004 దాకా పద్నాలుగు అధ్యక్ష ఎన్నికలు జరిగితే పదమూడింట రిపబ్లికన్‌కే వేసింది. 1964లో లిండన్ జాన్సన్ ఒక్కడే మినహాయింపు. 1976లో పక్కనున్న దక్షిణాది రాష్ట్రాలన్నీ జిమ్మీ కార్టర్ వెనక నడిస్తే, అంతర్యుద్ధంలో విడిపోయిన పదకొండు రాష్ట్రాల్లో ఆయన్ని కాదన్నది వర్జీనియా ఒక్కటే. 2008లో ఒబామా గెలిచాడు, అప్పట్నుంచి 2024 దాకా ఐదుకి ఐదూ డెమోక్రాట్లవే. కానీ ఈ లెక్క చూసి "ఓటర్లు మనసు మార్చుకున్నారు" అనుకుంటే పప్పులో కాలేసినట్టే. ఇందులో మూడు వేర్వేరు కదలికలు కలగలిసి ఉన్నాయి. పాత డెమోక్రాట్లు రిపబ్లికన్లయ్యారు, అది ఒకటి. బొగ్గు కొండల్లో ఇంకో రకం డెమోక్రాట్లు చాలా ఆలస్యంగా అదే దారి పట్టారు. ఇక ఉత్తరాన, అసలు అక్కడ లేని మనుషులు వచ్చి చేరారు. ఈ మూడూ ఒక తరంలో జరగలేదు, ఒకే కారణంతోనూ జరగలేదు.

మొదటిదానికి మూలపురుషుడు హ్యారీ బర్డ్. షెనండోవా లోయలో ఆపిల్ తోటల ఆసామి. 1926 నుంచి 1930 దాకా గవర్నర్, 1933 నుంచి 1965 దాకా అమెరికా సెనేటర్. నాలుగు దశాబ్దాల పాటు వర్జీనియాలో చీమ కుట్టాలన్నా ఆయన అనుమతి కావాలన్నట్టు నడిచింది. ప్రతి కౌంటీ (మన జిల్లా లాంటిది) కోర్టు హౌస్‌లో ఆయన మనుషులే. ఇంత పట్టు ఎలా సాధ్యమైందంటే, ఓటర్ల సంఖ్యే తక్కువ కాబట్టి. 1902 నాటి రాష్ట్ర రాజ్యాంగం పెట్టిన పోల్ ట్యాక్స్, అంటే ఓటు వెయ్యాలంటే కట్టాల్సిన పన్ను, ఏడాదికి డాలరున్నర. చూడ్డానికి చిన్న మొత్తమే. కానీ మూడేళ్ల బకాయి కలిపి కట్టాలి, అదీ ఎన్నికలకు ఆర్నెల్ల ముందే కట్టాలి. ఎన్నికల వేడి మొదలయ్యేసరికి గడువు అయిపోయేది. నల్లజాతివాళ్లను తొలగించడానికి పెట్టిన ఈ పన్ను పేద తెల్లవాళ్లలో కూడా చాలామందిని ఇంట్లో కూర్చోబెట్టింది. మిగిలిన కొద్దిమంది ఓటర్లలో పార్టీ విధేయత అద్భుతంగా ఉండేదని అప్పటివాళ్లు గొప్పగా చెప్పుకునేవారు. ఓటర్లను ఏరి పెట్టుకున్నాక విధేయతకు లోటేముంటుంది?

ఈ డెమోక్రాట్లు పేరుకే డెమోక్రాట్లు. ప్రభుత్వం అప్పు చెయ్యకూడదు, యూనియన్లు ఉండకూడదు, వాషింగ్టన్ తమ జోలికి రాకూడదు, నల్ల తెల్ల పిల్లలు ఒక బడిలో చదవకూడదు. అధ్యక్ష ఎన్నిక వచ్చినప్పుడు బర్డ్ తమ పార్టీ అభ్యర్థికి మద్దతు ప్రకటించకుండా ఊరుకునేవాడు. ఆ మౌనానికి అర్థం కౌంటీల్లో అందరికీ తెలుసు. 1952 నుంచి రిపబ్లికన్ అధ్యక్షులకు ఓట్లు పడ్డాయంటే అదే కారణం. రాష్ట్రంలో మాత్రం ఏ పదవి చూసినా డెమోక్రాట్లదే. శాసనసభ రెండు సభలూ రిపబ్లికన్ల చేతికి పూర్తిగా వచ్చింది 1999 ఎన్నికలతో. అంటే పై ఓటుకీ కింది ఓటుకీ మధ్య దాదాపు యాభై ఏళ్ల ఎడం.

1954లో సుప్రీంకోర్టు బడుల్లో వర్ణ విభజన చెల్లదంది. బర్డ్ దానికి ఇచ్చిన జవాబు, ఎంతకైనా తెగించి ఎదిరించడం. 1958లో నార్‌ఫోక్, షార్లట్స్‌విల్, ఫ్రంట్ రాయల్‌లో తెల్లపిల్లల బడుల్లోకి నల్లపిల్లల్ని చేర్చుకోవాల్సి వస్తుందని బడులకే తాళాలు వేశారు. ప్రిన్స్ ఎడ్వర్డ్ కౌంటీ అయితే 1959 నుంచి 1964 దాకా ప్రభుత్వ బడి అనేదే లేకుండా చేసింది. తెల్లపిల్లలకి ప్రైవేటు అకాడమీ వచ్చింది. నల్లపిల్లలకి ఐదేళ్ల చదువు పోయింది. అప్పట్లో శాసనసభలో ఈ విధానానికి కొమ్ముకాసిన వాళ్లలో మన గాడ్విన్ కూడా ఉన్నాడు.

ఆ కోట కూలింది కోర్టులో. నార్‌ఫోక్‌లో బట్టలు కుట్టుకుని బతికే ఎవెలిన్ బట్స్, ఫెయిర్‌ఫాక్స్‌కి చెందిన ఆనీ హార్పర్ అనే నల్లజాతి మహిళలు పోల్ ట్యాక్స్ మీద కేసులు వేశారు. 1966 మార్చిలో సుప్రీంకోర్టు ఆ పన్నును కొట్టేసింది. అదే ఏడాది డెమోక్రాటిక్ ప్రైమరీలో, అంటే పార్టీ అభ్యర్థి ఎవరో ఓటర్లే తేల్చే ఎన్నికలో, బర్డ్ వర్గం దిగ్గజాలిద్దరు ఓడిపోయారు. నల్లజాతి ఓటర్లు, కొత్త నగర ఓటర్లు డెమోక్రాటిక్ పార్టీలోకి వస్తూ ఉంటే, బర్డ్ మనుషులు వెనక తలుపు నుంచి బయటికి వెళ్లారు. బర్డ్ కొడుకు 1970లో ఇండిపెండెంట్‌గా నిలబడి సెనేట్‌కి గెలిచాడు. గాడ్విన్ రిపబ్లికన్ అయ్యాడు.

ఇక్కడే కథ ఇంకో మలుపు కూడా తిరగొచ్చు అనిపించిన క్షణం ఒకటుంది. 1969లో లిన్‌వుడ్ హోల్టన్ అనే రిపబ్లికన్ గవర్నర్‌గా గెలిచాడు. ఇరవయ్యో శతాబ్దంలో ఆ పార్టీ నుంచి ఆయనే మొదటివాడు. బర్డ్ డెమోక్రాట్లకు వ్యతిరేకంగా నల్లజాతి ఓట్లు కూడా అడిగి తెచ్చుకున్నవాడు. 1970లో రిచ్‌మండ్ బడుల్లో పిల్లల్ని కలపమని కోర్టు చెబితే చాలామంది తెల్లవాళ్లు శివార్లకు పారిపోయారు. హోల్టన్ మాత్రం తన పెద్దకూతురిని వెంటబెట్టుకుని, దాదాపు అందరూ నల్లపిల్లలే ఉన్న హైస్కూలుకి నడిపించుకుని వెళ్లాడు. ఆ ఫోటో దేశమంతా చూసింది. సొంత పార్టీలో ఆయన రాజకీయ జీవితం దాంతో దాదాపు ముగిసింది. రిపబ్లికన్లు హోల్టన్ దారి వదిలి గాడ్విన్‌ని తెచ్చుకున్నారు. హోల్టన్ ఇంకో కూతురు ఆన్ పెళ్లాడింది టిమ్ కెయిన్‌ని. అదే కెయిన్, తర్వాత డెమోక్రాటిక్ గవర్నర్, ఇప్పుడు సెనేటర్, 2016లో హిల్లరీ క్లింటన్‌తో ఉపాధ్యక్ష అభ్యర్థి. మామగారు అల్లుడి కోసం ప్రచారం చేశాడు, 2008లో ఒబామాకూ మద్దతిచ్చాడు. ఆ ఇంట్లో ఎవరూ సిద్ధాంతం మార్చుకోలేదు, ఓటు మాత్రం పార్టీ మారింది.

రెండో కదలిక రాష్ట్రానికి నైరుతి మూలన, కెంటకీ సరిహద్దు కొండల్లో జరిగింది. బకానన్, డికెన్సన్, వైజ్, రస్సెల్. బొగ్గు కౌంటీలు. ఇక్కడి డెమోక్రాట్లకి బర్డ్‌తో పొసగలేదు. వీళ్లని పార్టీతో కట్టేసింది యునైటెడ్ మైన్ వర్కర్స్ యూనియన్. ఆ కట్టు ఎంత గట్టిదో చూడాలంటే 1989 చాలు. పిట్‌స్టన్ కంపెనీ రిటైరైన కార్మికులకి, వితంతువులకి, వికలాంగులకి ఆరోగ్య బీమా అంతకు ముందు ఏడాదే ఆపేసింది. 1989 ఏప్రిల్‌లో సమ్మె మొదలైంది. గనివాళ్లు, వాళ్ల పెళ్లాలు, పిల్లలు సైనికుల్లా మచ్చల బట్టలేసుకుని బొగ్గు లారీల ముందు రోడ్ల మీద కూర్చున్నారు. సెప్టెంబరులో దాదాపు వంద మంది రస్సెల్ కౌంటీలోని బొగ్గు శుద్ధి ప్లాంటులోకి చొరబడి నాలుగు రోజులు అక్కడే ఉన్నారు. స్థానిక జడ్జి యూనియన్ మీద కోట్ల డాలర్ల జరిమానాలు వేశాడు. ఆ జడ్జి తండ్రి డోనాల్డ్ మెక్‌గ్లాథ్లిన్ ఏళ్ల తరబడి డెమోక్రాట్ శాసనసభ్యుడు, ఆ నవంబరులో పోటీలో ఉన్నాడు. ఎన్నికకి కొద్ది వారాల ముందు యూనియన్ నాయకుడు జాకీ స్టంప్ బరిలోకి దిగాడు. అప్పటికి బ్యాలెట్లో పేరు వేయించుకునే గడువు దాటిపోయింది. ఓటర్లు చేత్తో ఆయన పేరు రాసి గెలిపించారు, అదీ మంచి మెజారిటీతో.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. సమ్మెలో గనివాళ్లని అరెస్టు చేసిన పోలీసుల్ని పంపింది డెమోక్రాట్ గవర్నర్. ఓడించబడినవాడూ డెమోక్రాటే. అంటే వాళ్ల విధేయత పార్టీకి కాదు, యూనియన్‌కి. యూనియన్ ఎటు చూపిస్తే అటు. గనులు యంత్రాలతో నిండి, మనుషులు తగ్గి, యూనియన్ సభ్యులు కరిగిపోయాక ఆ వేలు చూపించేవాళ్లు లేకుండా పోయారు. బకానన్ జనాభా 1980లో 38 వేలకు దగ్గర్లో ఉండేది, 2020 నాటికి 20 వేల పైచిలుకు. ఖాళీ అయిన యూనియన్ హాల్ స్థానంలోకి చర్చి, తుపాకీ, టీవీ వచ్చాయి.

అయినా పార్టీతో ఆ కట్టు ఒక్కసారిగా తెగలేదు. 2001లో మార్క్ వార్నర్ అనే ఉత్తర వర్జీనియా సెల్‌ఫోన్ కోటీశ్వరుడు డెమోక్రాట్‌గా గవర్నర్‌కి పోటీ చేస్తూ, ఈ కొండల్లో కార్ రేసుల ట్రక్కు ఒకటి స్పాన్సర్ చేసి, బ్లూగ్రాస్ అనే కొండ జానపద బాణీలో పాట కట్టించుకుని, వేటగాళ్ల సంఘం పెట్టించి మరీ ఓట్లు అడిగాడు, గెలిచాడు. 2004లో కూడా బకానన్ కౌంటీ బుష్‌ని కాదని జాన్ కెర్రీకి వేసింది. 2008లో ఒబామాని కాదంది. 2009లో వాషింగ్టన్‌లో కర్బన ఉద్గారాల బిల్లుకి ఓటేసిన స్థానిక డెమోక్రాట్ రిక్ బౌచర్ 28 ఏళ్ల పార్లమెంటు సీటును 2010లో పోగొట్టుకున్నాడు. 2020లో ట్రంప్‌కి బకానన్‌లో 80 శాతం దాటి పడ్డాయి. జాతి ఒక కారణం కాదా అంటే, అవును, 2008 మార్పులో అదీ ఉంది. కానీ అదొక్కటే అయితే తెల్లజాతి మనిషైన హిల్లరీ క్లింటన్‌ని కూడా 2016లో అంత ఘోరంగా ఓడించి ఉండేవాళ్లు కాదు.

డబ్బు, సౌకర్యం ఇస్తే ఓటు తిరిగొస్తుందా అన్నదానికి కూడా ఇక్కడ జవాబుంది. వైజ్ కౌంటీ జాతర మైదానంలో ఏటా ఉచిత వైద్య శిబిరం జరిగేది. పళ్లు పీకించుకోవడానికి, కళ్లద్దాలకి జనం ముందు రోజు రాత్రి నుంచే కార్లలో పడుకుని వరుస కట్టేవాళ్లు. 2018లో డెమోక్రాట్ గవర్నర్ నార్తమ్ పేదల ఆరోగ్య బీమా పథకం మెడికెయిడ్‌ని విస్తరించాడు. ఆ కొండల నుంచి వచ్చిన రిపబ్లికన్ శాసనసభ్యుడు టెర్రీ కిల్‌గోర్ పార్టీ మాట పక్కన పెట్టి మద్దతిచ్చాడు. బీమా వచ్చింది. తర్వాతి ఎన్నికల్లో అక్కడ డెమోక్రాట్ల ఓట్లు ఇంకా తగ్గాయి. పథకాలిచ్చాం కాబట్టి ఓట్లు మనవే అనుకుని దెబ్బతిన్న పార్టీలు మన రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి కాబట్టి ఇది మనకి వింతగా అనిపించక్కర్లేదు.

మూడో కదలిక మనవాళ్లకి బాగా తెలిసిన చోట. వాషింగ్టన్ పక్కనే ఫెయిర్‌ఫాక్స్, దాని అవతల లౌడన్. లౌడన్ ఒకప్పుడు గుర్రాలు, పాడి పశువుల పల్లె. డల్లెస్ విమానాశ్రయం వచ్చింది. పెంటగాన్ కాంట్రాక్టులు వచ్చాయి. ఏఓఎల్ అనే ఇంటర్నెట్ కంపెనీ వచ్చింది. ఇంటర్నెట్ కేబుళ్లన్నీ ఆష్‌బర్న్‌లో కలిశాయి, వాటి చుట్టూ డేటా సెంటర్లు మొలిచాయి. జనాభా 1990లో 86 వేలు, 2000లో దాదాపు లక్షా 70 వేలు, 2020లో 4 లక్షల 21 వేలకు దగ్గర. 2004లో బుష్‌కి 55 శాతం పైన ఇచ్చిన కౌంటీ, 1964 తర్వాత మొదటిసారి 2008లో ఒబామా అనే డెమోక్రాట్‌కి వేసింది. 2020లో బైడెన్‌కి 61 శాతం దాటింది. పాత లౌడన్ మనిషి మారాడని కాదు, ఓటర్ల జాబితాలో ఇప్పుడు ఆయన మైనారిటీ. ఆష్‌బర్న్, ఆల్డీ, సౌత్ రైడింగ్‌లలో బతుకమ్మ ఆడేంత మంది మనవాళ్లున్నారు, వాళ్లలో చాలామంది పౌరసత్వం తీసుకుని ఓటర్లయింది ఈ ఇరవై ఏళ్లలోనే.

ఈ రెండు లోకాలు ఒకసారి ఎదురుపడ్డాయి. 2006 ఆగస్టు 11న రిపబ్లికన్ సెనేటర్ జార్జ్ అలెన్ డికెన్సన్ కౌంటీలో, కెంటకీ సరిహద్దున బ్రేక్స్ అనే ఊరి దగ్గర సభ పెట్టాడు. ప్రత్యర్థి జిమ్ వెబ్ పంపిన కుర్రాడొకడు కెమెరాతో నిలబడి రికార్డు చేస్తున్నాడు. భారతీయ తల్లిదండ్రుల కొడుకు, పుట్టి పెరిగింది ఫెయిర్‌ఫాక్స్‌లోనే. అలెన్ మాట్లాడుతూ అతణ్ని చూపించి "మకాకా" అన్నాడు. అది ఒక జాతి కోతి పేరు. అమెరికాకి, అసలైన వర్జీనియాకి స్వాగతం అని కూడా కలిపాడు. జనం నవ్వారు. వీడియో బయటికొచ్చింది. నవంబరులో అలెన్ పదివేల లోపు ఓట్లతో ఓడిపోయాడు, దాంతో అమెరికా సెనేటే డెమోక్రాట్ల చేతికి వెళ్లింది. తమాషా ఏంటంటే, గెలిచిన వెబ్ ఒకప్పుడు రీగన్ దగ్గర నౌకాదళ మంత్రి. అలెన్ అసలైన వర్జీనియా అనుకున్న కొండ రిపబ్లికన్లకి దక్కింది. ఆ కుర్రాడి వర్జీనియాలో మాత్రం ఓట్లు ఎక్కువున్నాయి.

ఇంతకీ వర్జీనియాలో ఓటరు తన పార్టీ పేరు ఎక్కడా నమోదు చేయక్కర్లేదు. చాలా రాష్ట్రాల్లో రిజిస్ట్రేషన్ కాగితంలో పార్టీ గడి ఉంటుంది, ఇక్కడ లేదు. ప్రైమరీలో ఎవరైనా ఏ పార్టీ బ్యాలెట్ అయినా అడగొచ్చు. "ఇన్ని లక్షల మంది ఫలానా పార్టీవాళ్లు" అనే లెక్కే లేదు, వేసిన ఓట్లను బట్టి ఊహించుకోవడమే. దానికి తోడు గవర్నర్ ఎన్నిక అధ్యక్ష ఎన్నిక అయిన మరుసటేడు వస్తుంది, గవర్నర్ వరుసగా రెండోసారి పోటీ చెయ్యకూడదు. దాంతో ప్రతిసారీ కుర్చీ ఖాళీ, వైట్‌హౌస్‌లో కొత్తగా కూర్చున్నవాడి మీద కోపం తాజా. 1977 నుంచి 2025 దాకా పదమూడు ఎన్నికల్లో పన్నెండుసార్లు అధ్యక్షుడి పార్టీ ఓడింది. 2013లో టెర్రీ మెకాలిఫ్ ఒక్కడే ఆ గండం దాటాడు.

అదే మెకాలిఫ్ 2021లో మళ్లీ వచ్చి గ్లెన్ యంగ్‌కిన్ చేతిలో రెండు శాతం తేడాతో ఓడాడు. ఏడాది క్రితమే బైడెన్ పది శాతం తేడాతో గెలిచిన రాష్ట్రం. బడులే కారణం. కరోనాలో నెలల తరబడి ఆన్‌లైన్ క్లాసులు, లౌడన్ స్కూలు బోర్డు సమావేశాల్లో కేకలు, ఆపైన బడిలో ఏం చెప్పాలో తల్లిదండ్రులు చెప్పక్కర్లేదన్న అర్థంలో మెకాలిఫ్ డిబేట్లో నోరు జారడం. మన ఇళ్లలో అసలు టెన్షన్ ఇంకోటి. దేశంలోనే పేరున్న ప్రభుత్వ హైస్కూళ్లలో ఒకటైన థామస్ జెఫర్సన్ ఫెయిర్‌ఫాక్స్‌లో ఉంది. 2020 చివర్లో దాని ప్రవేశ పరీక్ష తీసేశారు. అంతకుముందు సీట్లలో 73 శాతం ఆసియా పిల్లలవి, తర్వాతి బ్యాచ్‌లో 54 శాతానికి పడింది. ఆరో తరగతి నుంచి కోచింగ్‌కి పంపుతున్న తల్లిదండ్రులకి అది నెత్తిన పిడుగు. కోర్టుకెళ్లారు. 2022లో కింది కోర్టులో గెలిచారు, 2023లో అప్పీల్లో ఓడారు, 2024లో సుప్రీంకోర్టు కేసు తీసుకోనంది. ఇమిగ్రేషన్ విషయంలో డెమోక్రాట్లు, చదువుల విషయంలో రిపబ్లికన్లు అని ఒకే ఇంట్లో రెండు వాదనలు. భార్యాభర్తలు ఒకరి ఓటును ఒకరు కొట్టేసుకున్న సంసారాలూ లేకపోలేదు. 2024లో లౌడన్‌లో కమలా హారిస్‌కి 57 శాతం లోపే వచ్చాయి. తల్లి తమిళురాలన్నది పనికి రాలేదు.

2025లో మళ్లీ తిరగబడింది. ఫెడరల్ ఉద్యోగాల కోత ఉత్తర వర్జీనియాలో వీధి వీధినా తగిలింది. అక్టోబరు 1 నుంచి బడ్జెట్ కుదరక ఫెడరల్ ప్రభుత్వం మూతబడింది, జీతాలు ఆగాయి, నవంబరు 4న పోలింగ్. సీఐఏ మాజీ ఉద్యోగి అబిగైల్ స్పాన్‌బర్గర్ సుమారు 15 శాతం తేడాతో గెలిచి రాష్ట్రానికి తొలి మహిళా గవర్నర్ అయింది. నూరు సీట్ల దిగువ సభలో డెమోక్రాట్లు 64కి చేరారు. లెఫ్టినెంట్ గవర్నర్‌గా (గవర్నర్ తర్వాతి పదవి) గెలిచిన గజాలా హష్మీ హైదరాబాద్‌లో పుట్టి నాలుగేళ్ల వయసులో అమెరికా వెళ్లిన ఇంగ్లీషు లెక్చరర్. మన పత్రికలు "హైదరాబాదీ విజయం" అని రాసుకున్నాయి, అందులో తప్పులేదు గానీ ఆమె 2019లో తొలిసారి రాష్ట్ర సెనేట్ సీటు గెలిచింది మనవాళ్ల ఓట్లతో కాదు. రిచ్‌మండ్ శివార్లలో, అంతదాకా రిపబ్లికన్లకి వేస్తూ వచ్చిన చదువుకున్న తెల్లవాళ్ల ఓట్లతో. స్పాన్‌బర్గర్ కథా అక్కడిదే. 2014లో అదే శివార్లలో రిపబ్లికన్ల పార్లమెంటరీ నేత ఎరిక్ కాంటర్‌ని సొంత పార్టీ ప్రైమరీలో డేవ్ బ్రాట్ అనే ప్రొఫెసర్, మరీ మెతకవాడివని ఓడించాడు. నాలుగేళ్లకి బ్రాట్‌ని స్పాన్‌బర్గర్ రెండు శాతం లోపు తేడాతో ఓడించింది. కాంటర్‌ని వదిలించుకున్నామని సంబరపడ్డవాళ్లు ఆ సీటుతో పాటు ఆ శివార్లనే వదులుకున్నారు.

ఈ ఓట్లు స్పాన్‌బర్గర్ దగ్గర ఉండిపోతాయని నేను అనుకోను. ట్రంప్ మీద కోపం ట్రంప్ ఉన్నన్నాళ్లే. ఇప్పటికే ఇంకో తగువు ముదురుతోంది, దానికి పార్టీ రంగు లేదు. డేటా సెంటర్లు మింగే కరెంటు, దాని బిల్లు, ఇళ్ల వెనక హోరు, పొలాల మీదుగా హైటెన్షన్ తీగలు. ప్రిన్స్ విలియం కౌంటీలో డేటా సెంటర్లకి కొమ్ముకాసిన డెమోక్రాట్ చైర్మన్‌ని 2023 ప్రైమరీలో సొంత పార్టీ ఓటర్లే ఇంటికి పంపారు. 2025లో లౌడన్ పడమటి పల్లెలున్న నియోజకవర్గంలో ఇదే అంశం పట్టుకుని ఒక యువ డెమోక్రాట్ రిపబ్లికన్ సీటు లాక్కున్నాడు. ఆష్‌బర్న్‌లో మాత్రం ఆ భవనాల మీద వచ్చే పన్నుతోనే బడులు నడుస్తున్నాయి. వాటిలో పనిచేస్తూ, వాటి పక్కనే ఇల్లు కొనుక్కుని, వచ్చే కరెంటు బిల్లు చూసి నోరెళ్లబెడుతున్న వాళ్లలో మనవాళ్లూ ఉన్నారు. వాళ్లని మా ఓటర్లు అని చెప్పుకోవడానికి రెండు పార్టీల్లో ఏదీ ఇంకా సరైన మాట వెతుక్కోలేదు.